షాబాదు బండ మీద ఆ అరగంట

అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరయ్యానని తెలియగానే కుర్రాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒక్కటే. "సార్, మీరు ఆర్పిన పెద్ద మంట ఏది?" టింబరు డిపో గురించో, తగలబడ్డ నూనె లారీ గురించో చెబితే కళ్లప్పగించి వింటారు. నాకూ చెప్పడం సరదాగానే ఉంటుంది. కాస్త ఉప్పూకారం కూడా దట్టిస్తాను, అబద్ధమెందుకు. కానీ నా సర్వీసు మొత్తంలో నన్ను నిలువునా వణికించిన రోజున అక్కడ నిప్పురవ్వ కూడా లేదు. ఉన్నదల్లా చలి. ఆ చలి గురించి శిక్షణలో మాకెవరూ ఒక్క ముక్క చెప్పలేదు. నిప్పుతో కొట్లాడేవాళ్లకు చలితో ఏం పనిలే అనుకున్నారేమో. మీలో ఎవరైనా కొత్తగా ఈ ఖాకీ వేసుకుని ఉంటే ఇది మీకోసం రాస్తున్నాను. ఇందులో నేను గొప్పగా చేసిందేమీ లేదు. చేయకూడనిది చేశాను, అదే చెప్పబోతున్నాను.

ఎనభైల నడుమ సంగతి. దిల్‌సుఖ్‌నగర్ దాటితే అప్పటికింకా పట్నం పలచబడేది. కొత్తపేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా ద్రాక్షతోటలు కొట్టేసి ప్లాట్లు వేస్తున్నారు. ఎటు చూసినా సున్నం పూసిన హద్దురాళ్లు, ఇసుక కుప్పలు, సగం లేచిన గోడలు. కాలనీకి ముందు పేరు పుట్టేది, తర్వాత దారి, ఎప్పటికో నల్లా. తోటలు పోయాయి గానీ తోటల బావులు మాత్రం గట్టు కూడా లేకుండా అలాగే ఉండిపోయాయి. పూడ్చేస్తామని ప్లాట్లు అమ్మినవాళ్లు చెప్పేవారు. రెండు బండ్ల మట్టి పోసి, మిగతాది కొన్నవాళ్లకే వదిలేసేవారు.

మా స్టేషను కూడా ఆ కాలనీలకు తగ్గట్టే ఉండేది. రేకుల షెడ్డు, ఒక బండి, ఒక ఫోను. నాకు ముప్పై రెండేళ్లు. లీడింగ్ ఫైర్‌మన్ అయి ఆరు నెలలు కాలేదు. ఆ రోజు మా ఆఫీసరు సెలవులో ఉన్నాడు, అంటే బండికి నేనే పెద్ద. అలా కావడం అదే మొదటిసారి. చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ డ్యూటీకొచ్చాను. నాతో ఉన్నవాళ్లలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకడు మా డ్రైవరు. యాభై దాటిన మనిషి, పాతబస్తీలో పుట్టి పెరిగినవాడు, మనుషులతో కంటే బండితో ఎక్కువ మాట్లాడేవాడు. రెండోవాడు మా ఈతగాడు. కృష్ణ ఒడ్డున పుట్టి, నీళ్లంటే పడిచచ్చేవాడు. 'అండీ' తగిలించకుండా నోటి నుంచి మాట వచ్చేది కాదు. తాడు పట్టడానికి ఇంకో ఇద్దరు.

డిసెంబరు నెల. ఆ వారమంతా చలిగాలి చెవులు కోస్తోంది. పొద్దున్నే చెంబు పట్టుకుని ప్లాట్లలోకి వెళ్లిన ఒకాయనకు బావిలోంచి ఆడమనిషి గొంతు వినబడిందట. ఆయన ఆ చెంబుతోనే పరిగెత్తి, పక్కనున్న ఇంటి తలుపు కొట్టాడు. కాలనీ మొత్తానికి ఫోనున్న ఇల్లు అదొక్కటే. ఆ ఇంటాయన ఆ ఊరి పాత రైతు కుటుంబం వాడు. పొలం ప్లాట్లు చేసి అమ్మి, కొత్తగా డాబా కట్టుకున్నాడు. ఆయనే మాకు ఫోన్ చేశాడు. మేం చేరేసరికి ఆరున్నర దాటింది.

బావిలో ఉన్నామె ఆ ఇంటి వెనక పోర్షన్‌లోనే కిరాయికి ఉంటోంది. ముప్పై అయిదేళ్లుంటాయి. పోచంపల్లి వైపు నేతపనివాళ్లు. మొగుడు దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణంలో పనిచేస్తాడు. ముందురోజు ఆమె కొత్తపేటలో అక్క ఇంటికి వెళ్లింది. పొద్దుగూకే వేళకు బస్సు దిగి, ప్లాట్ల మధ్య అడ్డదారిన వస్తూ పడిపోయింది. అక్క దగ్గరే ఉండిపోయిందనుకుని మొగుడు పడుకున్నాడు. మొగుడి దగ్గరికి చేరిపోయిందనుకుని అక్క పడుకుంది. ఆమె మాత్రం ఛాతీలోతు నీళ్లలో, బావి గోడకున్న రాతిమెట్టు మీద, పాత మోటారు గొట్టం పట్టుకుని తెల్లవార్లూ కూర్చుంది. మోకాలి కింద ఎముక విరిగింది.

బావి లోపలి నుంచి సన్నగా ఆవిరి లేస్తోంది. చలికాలం బావినీళ్లు వెచ్చగా ఉంటాయని మీకు తెలిసిందే. మా ఈతగాడు దిగి, కింది నుంచి అరిచాడు. "అన్నయ్యా, నీళ్లు వెచ్చగానే ఉన్నాయండీ! పైనే చలండీ బాబూ!" బయటి గాలికంటే వెచ్చనైనా ఒంటికంటే చల్లనే అని తోచక, నాకు ధైర్యం వచ్చేసింది. వంగి ఆమెను పలకరించాను.

"చలి పెడుతుందా అమ్మా?"

"రాత్రి మస్తు వణికిన అన్నా," అంది ఆమె. గొంతు ముద్దముద్దగా ఉంది. "ఇప్పుడేం లేదు. వణుకు పోయింది. మా ఆయనకు చెప్పిన్రా?"

వణుకు పోయిందట, బాగానే ఉంది అని చుట్టూ మూగిన జనానికి నేనే ప్రకటించాను. జనం హమ్మయ్య అనుకున్నారు. వణకడానికి కూడా ఒంట్లో సత్తా మిగలనప్పుడే వణుకు ఆగుతుందని తర్వాత ఒక డాక్టరమ్మ చెబితే తెలిసింది. అప్పుడు నాకు తెలిసిందల్లా తాడు, ముడి, కప్పీ. కాలికి సెంట్రింగ్ చెక్క కట్టి, కుర్చీముడి వేసి, ఆమెను నిలువుగా పైకి లాగాం. బాగా లాగాం కూడా. గోడకు ఎక్కడా తగలనివ్వలేదు. పనివాడి గర్వం కొద్దీ చెబుతున్నాను, ఆ లాగడంలో ఈ రోజుకీ తప్పు పట్టలేరు. చల్లబడ్డ మనిషిని నిలువుగా లాగితే నెత్తురు కాళ్లలోకి దిగి గుండె ఆగిపోవచ్చని మాత్రం మాకు తెలియదు.

పైకి వచ్చేసరికి ఆమె కళ్లు సగం మూతపడి ఉన్నాయి. పెదాలు నీలంగా ఉన్నాయి. తడిసిన చీరలోంచి నీళ్లు కారుతున్నాయి, ఆ నీళ్ల మీదుగా గాలి కొడుతోంది. ఏదో అనబోయింది, మాట రాలేదు. పది నిమిషాల క్రితం మొగుడి గురించి అడిగిన మనిషి.

ఆమెను మోసుకుని ఆ డాబా ఇంటి గేటు దాకా వచ్చాం. వెనక పోర్షన్‌కు వెళ్లాలంటే ఆ గేటులోంచే వెళ్లాలి. ఇంటాయన గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. ఫోన్ చేసింది ఆయనే, బావి దగ్గర తాడుకు చేయి వేసింది ఆయనే. ఇప్పుడు మాత్రం చేతులు జోడించాడు.

"ఇంట్లకు వద్దు సారూ. కొత్త ఇల్లు, గృహప్రవేశమై ఏడాది గాలే. ఆమె తీరు సూస్తుంటే నాకు భయమైతుంది. లోపలికి పోయినంక ఏమన్నా అయితే, ఇల్లు మూసి ఆర్నెల్లు బయట వడాలె మేము. అంబులెన్స్ వస్తది గదా, జరసేపు ఈడనే ఉంచుండ్రి."

మీకు వింతగా అనిపిస్తుందేమో. కిరాయికున్నవాళ్ల ప్రాణం తమ గడప లోపల పోకూడదనే ఇళ్లు ఈ నగరంలో ఇప్పటికీ ఉన్నాయి. నేనూ అప్పుడు కిరాయి ఇంట్లోనే ఉండేవాణ్ణి, మా ఇంటాయనా అదే మాట ముందే చెప్పాడు. అందుకే నాకు ఆయన మాట అన్యాయం అనిపించలేదు. వాదించలేదు. అంబులెన్సు కోసం ఆయన ఫోన్‌లోంచే పెద్దాసుపత్రికి చెప్పాను. ఇప్పటిలా మూడంకెలు నొక్కితే కూత పెట్టుకుంటూ వచ్చే రోజులు కావు. బండి బయటికెళ్లింది, రాగానే పంపిస్తాం అన్నారు.

గేటు పక్కన నేలంతా బురద. గోడకానుకుని ఫ్లోరింగ్ కోసం తెచ్చిన షాబాదు బండలు మోకాలెత్తున పేర్చి ఉన్నాయి. నల్లగా, నున్నగా, రాత్రి కురిసిన మంచుతో మెరుస్తున్నాయి.

"ఆ బండల మీద పెట్టండి. శుభ్రంగా ఉన్నాయి," అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఇంకెవరి మీదికీ నెట్టడానికి లేదు.

బండిలోంచి దుప్పటి తెప్పించి ఆమె మీద కప్పాను. ఆ దుప్పటి సంగతి కూడా చెప్పాలి. మా శాఖలో దుప్పటి ఉన్నది మనిషికి కప్పడానికి కాదు, తడిపి మంట మీద వేయడానికి. ముందురోజు ఒక వంటింట్లో గ్యాసు అంటుకుంటే అదే దుప్పటి తడిపి వేశాం. పిండి, మడిచి, పెట్టెలో పెట్టేశాం. అది ఇంకా పచ్చిగానే ఉంది. చేతికి తగిలింది, తెలిసింది. లేనిదానికంటే నయం కదా అనుకున్నాను. కింద మంచుపట్టిన బండ, ఒంటికి తడిచీర, పైన పచ్చి దుప్పటి. మేం ఒక మనిషిని కాపాడిన పద్ధతి అది.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు రోత పుడుతుంది.

అంబులెన్సు రాలేదు. ఆమె కదలడం మానేసింది. ఊపిరి కనిపించడం లేదు. నేను మణికట్టు పట్టుకుని చూశాను. తడితాడు లాగి, అప్పటిదాకా చలిగాలిలోనే నిలబడి ఉన్నాను. నా వేళ్లు నావిగా లేవు. చొక్కా గుండీ పెట్టుకోలేని వేళ్లతో నాడి చూశాను. ఏమీ తగల్లేదు. ఇంకో చెయ్యి చూశాను. అక్కడా లేదు. చుట్టూ అంతమంది నా మొహంకేసే చూస్తున్నారు, బండికి పెద్దను కదా, ఏదో ఒకటి చెప్పాలి.

"పోయింది," అన్నాను.

దుప్పటి ముఖం మీదికి లాగాను.

ఈలోగా వెనక పోర్షన్ నుంచి పరిగెత్తుకొచ్చిన ఆమె మొగుడు నిలబడ్డచోటే కూలబడ్డాడు. ఆడవాళ్లు ఏడుపు అందుకున్నారు. ఎవరో ఇటుక సందులో అగరొత్తులు గుచ్చారు. ఎవరో తులసి నీళ్లు తెచ్చారు. అంత తొందరగా అందరూ ఎలా నమ్మేశారా అని చాలా రోజులు ఆలోచించాను. ప్రాణం పోయేవాళ్లను మంచం మీంచి నేల మీదికి దించుతారు మనలో. బురద కాకుండా ఉండాలని మేం బండ మీద పెడితే, 'దించేశారు' అనుకున్నారు వాళ్లు. వాళ్ల వాలకం చూసి, ఇంక ఆశ లేదేమో అనుకున్నాను నేను. ఒకళ్లను చూసి ఒకళ్లం కలిసి ఆమెను చంపేశాం.

కానిస్టేబులు సైకిలు మీద వచ్చాడు. "పంచనామా అయ్యేదాక ఎవరూ ముట్టొద్దు. జర సూసుకో అన్నా," అని నాకు అప్పగించి, ఫోన్ చేసుకోవడానికి ఇంట్లోకి వెళ్లాడు. ఇంటాయన ఆయన్ను మాత్రం లోపలికి రానిచ్చాడు.

అప్పుడు వచ్చింది అక్క. ఎవరు చెప్పారో, కొత్తపేట నుంచి ఎలా వచ్చిందో, జుట్టు విరబోసుకుని, కాళ్లకు చెప్పుల్లేకుండా పరిగెత్తుకుంటూ వచ్చింది. ఎవర్నీ ఏమీ అడగలేదు. దుప్పటి ఎత్తి దాని కిందికి దూరి, చెల్లెలిని రెండు చేతులా కావలించుకుని మీద పడిపోయింది. చెంప చెంపకు ఆనించి గొంతు చించుకుని ఏడ్చింది.

నేను వెళ్లి భుజం పట్టి లాగాను. "ముట్టుకోవద్దమ్మా, పోలీసుకేసు."

"నా చెల్లెను నేను వట్టుకుంట. నీకేంది?" అంది, తల కూడా ఎత్తకుండా.

రెండోసారి మా ఈతగాణ్ణి కూడా పిలిచి, ఇద్దరం కలిసి గట్టిగా లాగాం. ఆవిడ నా చెయ్యి కొరికింది. నెత్తురొచ్చేలా కొరికింది. నాకు కోపం వచ్చింది. ఇంత బాధలో కూడా రూలు రూలే కదా అని, ఇంకో ఇద్దర్ని పిలిచి ఈసారి లేపి అవతల కూర్చోబెడదాం అనుకున్నాను. అంతలో ఎవరో చాయ్ తెచ్చారు. గాజు గ్లాసులో పొగలు కక్కుతోంది. సరే, ఇది తాగి లాగుదాంలే అని పక్కకు వెళ్లి, గ్లాసు రెండు చేతుల మధ్య పెట్టుకుని నిలబడ్డాను. ఆహా, ఆ వేడి! ఒక్కో వేలూ సలుపుతూ తిరిగి నాదవుతోంది. తొందరేముందని మెల్లగా తాగాను.

గ్లాసు అడుగంటే వేళకు అక్క ఏడుపు ఆగింది. ఒక్కసారిగా ఆగింది.

"ఆగుండ్రి," అంది దుప్పటి లోపల్నుంచి. "ఎవరూ మాట్లాడకుండ్రి. నా మెడకు ఊపిరి తగుల్తుంది."

ఎవరూ నమ్మలేదు. "పాపం, తట్టుకోలేక…" అని ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనూ నమ్మలేదు. నమ్మకపోయినా గ్లాసు కింద పెట్టి వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే, ఆవిడకు నచ్చజెప్పి లేపడానికి. దుప్పటి తీసి, చాయ్ గ్లాసుతో వెచ్చబడ్డ రెండు వేళ్లు ఆమె దవడ కింద పెట్టాను.

ఏమీ లేదు.

తీసేయబోతుంటే ఒకటి తగిలింది. లోపల ఎక్కడో తలుపు తట్టినట్టు, ఒక్కటి. తర్వాత మళ్లీ ఏమీ లేదు. నేను ఊపిరి బిగబట్టాను. చాలాసేపటికి ఇంకొకటి.

ఆ క్షణం నాకెలా ఉందో చెప్పడానికి ముప్పై ఏళ్లుగా మాటలు వెతుకుతున్నాను. సంతోషం కాదు, అది మాత్రం చెప్పగలను. బతికున్న మనిషి ముఖం మీద దుప్పటి కప్పి, పక్కన నిలబడి చాయ్ తాగాను. అరగంట. ఆ అరగంటలో ఆమెకు దొరికిన వెచ్చదనం ఒకే ఒక్కటి, అక్క ఒళ్లు. దాన్నే నేను రెండుసార్లు లాగిపడేయబోయాను.

"బతికుంది! లోపలికి తీసుకెళ్లాలి, పట్టండి!" అని అరిచాను.

ఇంటాయన గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయింది. "ఇప్పుడే పోయిందంటివి," అన్నాడు నాతో. "ఇప్పుడు బతికిందంటున్నవు. మల్ల పోదని గ్యారంటీ ఇస్తవా?"

అరగంట క్రితం నేను ఇచ్చిన గ్యారంటీ ఏపాటిదో అందరూ చూశారు.

జవాబు వరండాలోంచి వచ్చింది. ఆ ఇంటి పెద్దావిడ, ఇంటాయన తల్లి, ఎనభై ఏళ్లుంటాయి, పొద్దుట్నుంచీ నవారు మంచం మీద బొంత కప్పుకుని కూర్చుని అంతా చూస్తోంది. కర్ర పట్టుకుని లేచింది.

"ఒరే, నేను రేపో మాపో ఈ ఇంట్లనే పోత. అప్పుడు నన్ను గూడ బండ మీద పండవెడ్తవా? జరుగు." తర్వాత మా వైపు చూసి, "నా మంచం మీదికి తేండ్రి బిడ్డా. నా బొంతలున్నయి, వెచ్చగనే ఉన్నయి," అంది.

ఇంటాయన పక్కకు జరిగాడు. జరగడమే కాదు, బండ మీంచి ఎత్తేటప్పుడు ఆమె తల కింద చెయ్యి పెట్టింది ఆయనే.

అక్కణ్ణుంచి ఆ అవ్వే మాకు ఆఫీసరు. "తడిచీర మీద ఎన్ని కప్పితే ఏం లాభం? ఇడువుండ్రి," అంది. ఆడవాళ్లు ఆమె మొగుడి వంక చూశారు, మా వంక చూశారు, ఎవరూ ముందుకు రాలేదు. శవానికైనా సిగ్గు అడ్డమొచ్చే దేశం మనది. అప్పుడు ఆ మొగుడు, అప్పటిదాకా కూలబడి ఏడుస్తున్న మనిషి, వెనక పోర్షన్‌కు పరిగెత్తి పెద్ద మూట ఒకటి భుజాన వేసుకొచ్చాడు. దుకాణానికి చేర్చాల్సిన పోచంపల్లి దుప్పట్లు. మూట విప్పి ఒక్కొక్కటీ ఇవ్వడం మొదలుపెట్టాడు. నలుగురు ఆడవాళ్లు నాలుగు దుప్పట్లు తెరలా పట్టుకున్నారు. మేం మగవాళ్లం అటు తిరిగి నిలబడ్డాం. తెర వెనక అక్క, అవ్వ కలిసి తడి బట్టలు తీసి, తుడిచి, కింద నాలుగు మడతలు, పైన నాలుగు మడతలు చుట్టారు. తలకు కూడా చుట్టారు. ఎర్రగళ్లవీ, నల్లగళ్లవీ, ఇంకా మడత నలగని కొత్త దుప్పట్లు.

"ఇటుకలు కాలవెట్టుండ్రి," అంది అవ్వ.

ఇటుకలకేం కొదవ? కాలనీ అంతా ఇటుకలే. పక్క ప్లాటు వాచ్‌మన్ వేసుకున్న చలిమంటలో పది ఇటుకలు పెట్టాం. మన ఇళ్లలో బాలింతలకు కాపడం పెట్టేది వాటితోనే కదా. మంట చుట్టూ గొట్టం పట్టుకుని నిలబడే మేం, ఆ పొద్దు మంట ఆరకుండా పుల్లలు ఎగదోస్తూ కూర్చున్నాం. వేడెక్కిన ఇటుకను అవ్వ తన ముంజేతికి ఆనించి చూసుకుని, రెండు వరసల గుడ్డ చుట్టి, ఆమె చంకల్లో, పక్కల్లో పెట్టింది. ఎవరో వేడి పాలు తాగించబోతే చేత్తో ఆపేసింది. "మింగలేనోళ్ల నోట్ల పొయ్యొద్దు." ఇంకెవరో కాళ్లు రుద్దబోతే అదీ ఆపింది. ఆవిడకు ఎవరు నేర్పారో నాకు తెలియదు. నాకు నేర్పినవాళ్లకంటే మాత్రం బాగా నేర్పారు.

అంబులెన్సు అప్పటికీ లేదు. మా డ్రైవరు వచ్చి నా చెవి దగ్గర అన్నాడు. "భాయ్, దాని రాస్తా సూసుడు బంద్ చెయ్. మన బండి ఇంజన్ స్టార్ట్ చేసి ఉంచిన. క్యాబిన్ గరం ఉంది. చేయి పెట్టి సూడు."

పాత మోడలు బండి అది. ఇంజను పెట్టె క్యాబిన్ లోపలికే ఉండేది. ఎండాకాలం దాన్ని తిట్టని రోజు లేదు, కూర్చుంటే తొడలు కాలేవి. ఆ వేళ దాని మీద చేయి పెట్టి చూస్తే నాకు ఏడుపొచ్చింది. వెనక పొడుగు సీటు మీద బొంతలు పరిచి ఆమెను పడుకోబెట్టాం. అక్క కూడా ఎక్కి, దుప్పట్ల లోపల చెల్లెలిని కావలించుకుని పడుకుంది. ఈసారి ఎవరూ లాగలేదు. ఇటుకలు కూడా ఎక్కించాం. నేను కింద కూర్చుని కట్టిన కాలు కదలకుండా పట్టుకున్నాను. నా వేలు మాత్రం ఆమె మెడ దగ్గర్నుంచి తీయలేదు.

డ్రైవరు గంట కొట్టుకుంటూ, గుంతలు తప్పించుకుంటూ, పెళ్లికూతుర్ని తీసుకెళ్తున్నంత పదిలంగా నడిపాడు. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర బస్సుల రద్దీలో ఆగినప్పుడు ఆమె ఒళ్లు ఒక్కసారి కదిలింది. తర్వాత వణకడం మొదలైంది. పళ్లు టకటకలాడుతున్నాయి. దుప్పట్లన్నీ ఊగుతున్నాయి.

"అయిపోయిందన్నా, ఫిట్స్ వస్తున్నాయి!" అని నేను అరిచాను. ఆ రోజు నేను చెప్పినవన్నీ తప్పే, అదొక్కటి మాత్రం ఎందుకు రైటవుతుంది?

డ్రైవరు వెనక్కి కూడా చూడలేదు. "సలికాలం పొద్దుగాల బండి స్టార్ట్ అయ్యేతప్పుడు గిట్లనే వణుకుతది. అచ్చా హై. ఆగనియ్యకుండ్రి."

పెద్దాసుపత్రిలో ఆమెను చూసిన డాక్టరమ్మ చిన్న వయసుది. దుప్పట్లు విప్పుతూ, గుడ్డలో చుట్టిన ఇటుకలు చూసి ఒక్క క్షణం ఆగింది. తడి బట్టలు తీయించింది ఎవరని అడిగింది. అవ్వ సంగతి చెప్పాను. "ఆవిడ లేకపోతే ఈమె లేదు," అంది. నాడి దొరకలేదని ఏమైనా ఆలస్యమైందా అని కూడా అడిగింది. నేను నేల చూశాను. ఆవిడకు అర్థమైంది. కోప్పడలేదు, కోప్పడితే బాగుండేది. "చల్లబడిన మనిషిలో నాడి దొరకడం మాకే కష్టం. వెచ్చబెట్టి చూడకుండా పోయారని ఎప్పుడూ అనకండి. అది మీరు చెప్పాల్సిన మాట కూడా కాదు," అంది. స్టేషనుకు తిరిగొచ్చి రిపోర్టు రాశాను. 'బాధితురాలిని ప్రాణాలతో బావి నుండి వెలికితీసి, ఆసుపత్రికి చేర్చడమైనది.' ఒక్క అక్షరం అబద్ధం లేదు. మా ఆఫీసరు చదివి శభాష్ అన్నాడు.

ఇరవై రోజులకు గానీ ఆమెను చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు. డజను బత్తాయిలు కొనుక్కుని వార్డుకు వెళ్లాను. కాలికి పిండికట్టు. అక్క పక్కనే కూర్చుని అన్నం కలుపుతోంది. నన్ను చూసి గుర్తుపట్టి, "చెయ్యి మానిందా అన్నా?" అంది నవ్వుతూ. మచ్చ చూపించాను.

"ఎట్లున్నవమ్మా?" అని ఆమెను పలకరించాను.

ఆమె నా వైపు చూడలేదు. కళ్లు మూసుకుంది. మూసుకునే అంది. "గీ గొంతే అక్కా. 'పోయింది' అన్నది గీ గొంతే."

వార్డంతా నా మీద పడ్డట్టయింది.

"నీకు… వినబడ్డదా?"

"అన్నీ వినవడ్డయన్నా. మా ఆయన ఏడ్చుడు, పోలీసాయన మాట, అగరొత్తుల వాసన కూడ వచ్చింది. నేనున్న, నేనున్న అని లోపల్లోపలనే మొత్తుకున్న. నోరు రాలే. నువ్వు మొకం మీదికి దుప్పటి గుంజినవు, చీకటైంది." దుప్పటి అంచు మెడ దాకా లాక్కుంది. "మీరు మీద కప్పిన్రు గని, చలి మీదికెళ్లి రాలేదన్నా. కిందికెళ్లి వచ్చింది. ఆ బండ నన్ను మొత్తం గుంజుకున్నది."

స్టూలు మీద కూర్చున్నాను. తప్పయిందమ్మా అన్నాను. ఆ మాట ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది.

ఆమె కళ్లు తెరిచి అక్కను అడిగింది. "నిన్ను ఎన్నిసార్లు గుంజిండన్నవు?"

"రెండుసార్లు."

"మూడోసారి గుంజలే గదా." నా వైపు తిరిగింది. మొదటిసారి నా ముఖం చూసింది. "అప్పటికి నీకు పాపమనిపించింది గావచ్చు. గంతే సాలన్నా."

మూడోసారి ఎందుకు లాగలేదో మీకు ముందే చెప్పాను. ఆమెకు చెప్పలేదు. తల ఊపి, బత్తాయిలు బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఆ తర్వాత నా సర్వీసంతా బండి పెట్టెలో రెండు పొడి దుప్పట్లు విడిగా, మంటల జోలికి పోనివ్వకుండా ఉంచాను. ఎవర్ని ఎక్కడ పడుకోబెట్టినా ముందు ఆ చోట నా అరచెయ్యి ఆనించి చూసేవాణ్ణి. 'పోయింది' అన్న మాట మాత్రం మళ్లీ ఎవరి గురించీ అనలేదు. మా నాన్న పోయిన పొద్దున కూడా అందరూ ఏడుస్తున్నారు గానీ, డాక్టరు వచ్చేదాకా నేను ఆయన్ను మంచం మీంచి దించనివ్వలేదు. ఎవరో చాయ్ తెచ్చి చేతికిచ్చారు. తాగలేదు. గ్లాసు పట్టుకుని వేళ్లు వెచ్చబడేదాకా కూర్చుని, వాటిని మా నాన్న మెడ దగ్గర పెట్టి ఇంకోసారి చూశాను.